ఆమె పాటను తెలుగులో రాసుకున్నవాడు

మొన్న శుక్రవారం ఒమాన్‌లోని సహం బజారులో గడ్డం చేయించుకుంటున్నాను. ఎదురుగా ఉన్న అద్దంలో వెనక గోడ మీది టీవీ కనపడుతుంది. అందులో ఒక ఆడమనిషి పాడుతోంది. సౌండు తీసేసి పెట్టారు. నోరు కదులుతోంది, జుట్టు ఎగురుతోంది, వెనక ఓ గుంపు గంతులేస్తోంది. ఇట్లాంటివి టీవీలో ఎప్పుడూ ఉండేవే కాబట్టి పట్టించుకోలేదు. ఇంతలో ఆమె తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంది. అప్పుడు గుర్తుపట్టి చప్పున వెనక్కి తిరిగాను. కత్తి చెంప మీద గీసుకుపోయింది.

"చాచా, మర్‌నా హై క్యా?" అన్నాడు బంగ్లాదేశ్ మంగలి, దూది అదుముతూ.

"ఆమె ఎందుకు వచ్చింది టీవీలో?" అని హిందీలో అడిగాను. పాడేవాళ్లు టీవీలో కాకపోతే ఇంకెక్కడ వస్తారు అన్నట్టు చూశాడు. తర్వాత చెప్పాడు. మళ్లీ దేశాలు తిరగబోతోందట. చాలా ఏళ్ల తర్వాత పెద్ద టూరట. తెర కింద ఊళ్ల పేర్లు వరసగా జరిగిపోతున్నాయి. బస్సుల మీద చూసి చూసి ఇంగ్లీషులో నాకు గుర్తున్న పేరు ఒకటి ఉంది. అది వచ్చింది. మస్కట్.

ఈ సంగతి నేను చెప్పాల్సిన మనిషి ఒక్కడే. వాడు పోయి రెండేళ్లయింది.

వాడి పేరు రాయను. పేరు రాస్తే ఊళ్లో అడుగుతారు, తర్వాత అందరూ తలా ఒకటి చెబుతారు. వాడిది జగిత్యాల దిక్కు. నాకంటే పన్నెండేళ్లు చిన్న. మా కంపెనీలో రాడ్ బెండర్, అంటే స్లాబు పోసేముందు ఇనుప సలాకలు వంచి, తీగతో కట్టేవాడు. నేను కూలీని. ఎనిమిదేళ్లు ఒకే రూమ్‌లో ఉన్నాం. పైమంచం వాడిది, కిందది నాది.

మా రూమ్‌లో అందరూ తెలుగు సినిమా పాటలు వినేవాళ్లు. వాడు మాత్రం ఆమెను వినేవాడు. ఆమెది ఎక్కడో అమెరికా కిందున్న దేశం, సముద్రం ఒడ్డు ఊరు. స్పానిష్‌లో పాడుతుంది. ఆ భాషలో ఒక్క ముక్క మాకు ఎవరికీ రాదు, వాడికీ రాదు. మొదటిసారి ఎక్కడ విన్నావురా అంటే, ఒక విల్లా పని చేస్తున్నప్పుడు పక్కింటివాళ్ల కారులో విన్నానని చెప్పేవాడు. కారు పోయిందట, పాట పోలేదట.

వాడు చెవుల్లో తీగలు పెట్టుకునే ముందు ముఖం కడుక్కునేవాడు. ఫోనులో బొమ్మ వచ్చే పాటయితే తల కూడా దువ్వుకునేవాడు.

"ఎవరు చూస్తరని దువ్వుకుంటున్నవ్ర?" అని అడిగాను ఒకసారి.

"ఎదురుంగ మనిషి ఉన్నంక దువ్వుకోవద్దా అన్నా?" అన్నాడు. నవ్వకుండా అన్నాడు.

ఆమె పాటలకు లోకమంతా ఎగురుతుంది. వాడు ఎగిరేవాడు కాదు. బాసింపట్టు వేసుకుని, ఏదో వ్రతకథ వింటున్నట్టు కూర్చునేవాడు. ఒక పాటలో ఆమె గొంతు ఒకచోట పైకి పోయి, విరిగినట్టయి, మళ్లీ అతుక్కుంటుంది. అది రాబోయే ముందు వాడు చూపుడు వేలు ఎత్తేవాడు. "ఆగన్నా, ఇప్పుడొస్తది." అన్నం తింటూ ఉంటే నమలడం ఆపేవాడు. అది వచ్చి పోయాక మళ్లీ నమిలేవాడు. ఎనిమిదేళ్లలో నేను ఆ వేలు ఎన్నిసార్లు చూశానో. పాట కంటే నాకు ఆ వేలే బాగా గుర్తుంది.

ఆమె సంగతులు చుట్టాల సంగతుల్లాగా చెప్పేవాడు. తండ్రి చేపల లారీ నడిపేవాడట. చిన్నప్పుడు పెళ్లిళ్లలో మేనమామ బ్యాండు మేళంతో పాడేదట. మొదటి పాటలు ఎవరూ కొనలేదట. "పాపం, మొదట్ల మస్తు కష్టపడ్డదన్నా," అనేవాడు. తర్వాత పేరొచ్చింది, సొమ్మొచ్చింది, ఒక ఆటగాడిని పెళ్లాడింది, విడిచేసింది. విడిచేసిన వార్త వచ్చిన వారం వాడు రూమ్‌లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

"వాడు మంచోడు గాదని నాకు ఎప్పుడో అనిపిచ్చింది," అన్నాడు.

"నువ్వు చూసొచ్చినవా?"

"ఫోటోల చూసిన. నవ్వుతుంటె పండ్లే నవ్వుతయ్ అన్నా, కండ్లు నవ్వయ్."

ఇట్లాంటివి చెప్పి మాతో తిట్లు తినేవాడు. అయినా ఊరుకునేవాడు కాదు. "మనదాని కొత్త పాటొచ్చింది," అని డ్యూటీ బస్సులో అందరికీ వినపడేలా చెప్పేవాడు. "మనది" అనేవాడు, "నాది" అనేవాడు కాదు. మాకెవరికీ అక్కర్లేకపోయినా వాటా ఇచ్చేవాడు.

వాడి దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. అందులో ఆమె పాటలు తెలుగు అక్షరాల్లో రాసుకున్నాడు. విని, ఆపి, మళ్లీ విని, చెవికి ఎట్లా పడితే అట్లా రాసుకున్నాడు. తెలుగు అక్షరాలు, తెలుగు కాని మాటలు. నాకు అప్పటికి యాభై నాలుగేళ్లు, చదువు లేదు. జీతం కాగితం మీద వేలిముద్రే. ఎండాకాలం మధ్యాహ్నం పూట సైట్ ఆపుతారు కదా, అప్పుడు పోసిన స్లాబు కింద నీడలో పడుకునేవాళ్లం. ఒకరోజు వాడు నోటుబుక్కు నా పొట్ట మీద పడేశాడు.

"చదువన్నా."

"నాకు రాదుర."

"అందుకే."

నేను తిట్టాను. నేర్పాలనుంటే తెలుగు పుస్తకం తేరా, ఈ దయ్యాల భాష ఎందుకన్నాను. దానికి వాడు చెప్పిన మాట నేను ఇప్పటికీ ఒప్పుకుంటాను.

"తెలుగైతె నువ్వు మొదటి అక్షరం జూసి మిగతాది అందాజుగ చెప్పేస్తవ్ అన్నా. నీ తెలివి నాకెర్కనే గద. ఇదైతె అందాజు నడ్వది. అక్షరం జూసే అనాలె."

అట్లా నేను నేర్చుకున్నాను. నా చదువు ఆమె పాటల్లోనే మొదలైంది. నేను మొట్టమొదట చదివిన మాట "నాదా". న, దానికి దీర్ఘం. ద, దానికి దీర్ఘం. ఒత్తు లేదు, గుడి లేదు, కొమ్ము లేదు. ఆ వేలెత్తే పాటలోనే, గొంతు విరిగే చోట ఆమె ఆ మాటే అంటుంది. సాగదీసి సాగదీసి అంటుంది. ఆమె పాటల మొత్తంలో వాడికి అర్థమైన మాట అదొక్కటే.

"నాదా, నాదా అని అడుగుతుందన్నా. ఇది నాదేనా అని," అని వాడు చెప్పాడు. "ఎంత పేరొచ్చినా దానికి నమ్మకం లేదు. పెండ్లిళ్లల్ల పాడిన పిల్ల గద. ఇదంత నాదేనా అని అడుగుతది."

"మరి నువ్వేమంటవ్?"

"నీదే అంట," అన్నాడు. నిజంగానే అనేవాడు. సలాక మీద తీగ బిగించి కొక్కెం తిప్పేటప్పుడు వాడి నోట్లో ఆ మాట వినేవాణ్ణి. "నీదే. నీదే. నీదే." ఒక్కో ముడికి ఒక్కటి. సూపర్‌వైజర్ వచ్చి ఎవరితో మాట్లాడుతున్నావని అడిగితే సలాకతో అనేవాడు.

ఇప్పుడు నేను చేసిన పని చెబుతాను. మా స్టోర్ చూసేది గోవా పెద్దాయన. వాళ్ల చిన్నప్పుడు అక్కడ పోర్చుగీసు రాజ్యమట, ఆ భాష ఆయనకు వచ్చు. ఒకరోజు సిమెంటు బస్తాలు దింపుతూ నేను నోటికి వచ్చిన ఆ నాదా పాట అంటున్నాను. ఆయన విని, "నాదా మాలూమ్ హై తేరేకో?" అన్నాడు. మాలూమే, నాదేనా అని అర్థం అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి నవ్వాడు. పోర్చుగీసులోనూ స్పానిష్‌లోనూ ఆ మాట ఒక్కటే, నాదా అంటే కుచ్ నహీ, ఏమీ లేదు అని చెప్పాడు.

ఇది నేను కడుపులో పెట్టుకోవచ్చు. పెట్టుకోలేదు. నా నోరు అట్లాంటిది. ఆ సాయంత్రం మెస్సులో అందరి ముందు అనేశాను. "ఒరేయ్, నాదా అంటే నాది కాదంటర. ఏం లేదు అని అర్థమంట. ఇన్నేండ్లు నువ్వు నీదే నీదే అన్నది ఏం లేనిదాన్ని."

అందరూ పడిపడి నవ్వారు. నిజామాబాద్ మేస్త్రీ ఒకడు చెంచాతో పళ్లెం వాయిస్తూ "ఏం లేదూ, ఏం లేదూ" అని ఆ రాగంలోనే పాడాడు. వాడు కూడా నవ్వాడు. నవ్వి, పళ్లెం కడుక్కుని వెళ్లిపోయాడు.

నాలుగు రోజులు చెవుల్లో తీగలు లేవు, మధ్యాహ్నం నోటుబుక్కు లేదు. స్లాబు కింద అటు తిరిగి పడుకున్నాడు. అప్పటికి నాకు గుడులు వచ్చాయి, కొమ్ములు వచ్చాయి, ఒత్తులు రాలేదు. అక్కడే ఆగిపోయాను. క్షమించమని అడగడం నాకు తెలియదు. పోరా, పాట కోసం అలుగుతావా అని మనసులోనే తిట్టుకున్నాను. నాలుగో రోజుకు ఆ తిట్లు కూడా అయిపోయాయి.

అయిదో రోజు వాడే లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"అన్నా, ఒకటి చెప్పు. నీ సందుక పెట్టెల ఏం లేదనుకో. ఎవడన్న అడిగితె ఏమంటవ్?"

"ఏం లేదంట."

"ఎంతసేపంటవ్?"

"ఎంతసేపేంది? అని ఊకుంట."

"మరి ఇది ఊకుంటలేదు గద," అన్నాడు. "ఏం లేదని చెప్పనీకి ఎవరన్న గంతసేపు పాడుతరా? గొంతు విరిగెదాక పాడుతరా? ఏమో ఉన్నదన్నా. ఉన్నదాన్నే లేదంటున్నది." నోటుబుక్కు తెరిచి నా ఒళ్లో పెట్టాడు. "రాయ్. ఇయ్యాల ఒత్తులు."

నేను నేర్చుకున్న మొదటి ఒత్తు "ర్ర". ఆ భాషలో ర కారం నాలుక కొట్టుకునేలా పలుకుతారట. నేను మామూలుగా అంటే వాడు ఒప్పుకునేవాడు కాదు. "మోటర్ చాలూ చేసినట్టు అను అన్నా," అని పదిసార్లు అనిపించాడు.

తర్వాతి ఏడు ఆమె టూరు పెట్టింది. ఆ పట్టికలో దుబాయి ఉంది. ఆ రోజు వాడు పైమంచం మీంచి దిగలేదు, దూకాడు. సహం నుంచి మస్కట్ ఎంత దూరమో దుబాయీ ఇంచుమించు అంతే. సరిహద్దయితే కారులో గంట దారి. "దేశం దాటుడే గాని దూరం గాదన్నా," అన్నాడు. ఒక్కసారి, ఎదురుగా, ఆమె గొంతు ఆమె నోట్లోంచి వస్తుంటే వినాలి. అంతే వాడికి కావలసింది. ఫోను తీగల్లోంచి కాదు, నోట్లోంచి. బదులు డ్యూటీలు మాట్లాడుకున్నాడు. ఇంటికి ఫోను చేసి భార్యకు చెప్పాడు. ఆమె ఫోను నాకు ఇమ్మని చెప్పి, "ఏం బావా, మీ తమ్ముడు పోయి మళ్ల వస్తడా, ఆమె ఎంబడే పోతడా?" అని అడిగింది. "ఆమె రానిస్తె గద," అన్నాను.

దుబాయి వీసా కోసం టైపింగ్ ఆఫీసుకు ఇద్దరం పోయాం. కాగితాలన్నీ అరబ్బీలో కొట్టి పెట్టే మలయాళీ, మావాడి గుర్తింపు కార్డు తీసుకుని చూశాడు. కార్డులో పని అని ఉన్నచోట "ఆమిల్" అని ఉంది. ఆమిల్ అంటే కూలీ. వాడు రాడ్ బెండర్ అయినా కార్డు మీద అదే. సగం మందికి అదే.

"ఆమిల్‌కు రాదు భాయ్," అని హిందీలో చెప్పాడు. "ఇంజినీర్, మేనేజర్, అకౌంటెంట్ అయితే వస్తుంది."

"ఉండనీకి పోతలేను. పాట విని వస్త."

"రూల్ అది."

బయట ఎండలో నిలబడి వాడు కార్డును రెండు వైపులా తిప్పి చూశాడు. "పాట వినేటోనికి ఏం పని జేస్తవని ఎందుకు అడుగుతరన్నా? చెవులున్నయా అని అడగాలె గద," అన్నాడు. కంపెనీ కాగితాలు చూసే ఒమానీ దగ్గరికి పోయి పని పేరు మార్చమని అడిగాడు. ఆయన మంచివాడే, టీ ఇప్పించి, కాదన్నాడు.

ఆమె పాడే రోజు శుక్రవారమే పడింది. పొద్దున్నే వాడు తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"ఏడికి?"

"రా అన్నా. ఎంతదాక పోనిస్తరో అంతదాక పోదాం."

పిచ్చా అన్నాను. అంటూనే చెప్పులు తొడుక్కున్నాను. షేర్ టాక్సీలో షినాస్ ఊరి దాకా, అక్కడినుంచి మరో బండిలో ఇంకాస్త ముందుకు పోయాం. సరిహద్దు చౌకీ కంటే ముందున్న పెట్రోలు బంకు పక్కన చిన్న టీ హోటలు ఉంది. అక్కడ ప్లాస్టిక్ కుర్చీలు దుబాయి వైపు తిప్పుకుని కూర్చున్నాం. కార్లు పోతున్నాయి. కొన్నిట్లో పిల్లలు కిటికీలోంచి చేతులు పెట్టి ఊపుతూ పోతున్నారు. వాళ్లు అక్కడికే పోతున్నారని వాడు అన్నాడు. నీకెట్లా తెలుసన్నాను. తెలుస్తుందన్నాడు.

వాడు గడియారం చూస్తూ నాకు చెప్పుకుంటూ పోయాడు. "ఇప్పుడు మైకులు చూస్తుంటరు." ఒక టీ అయింది. "ఇప్పుడు దానికి ఆకలైతది, గని తినది. పాడే ముందట ఏం తినదు." రెండో టీ అయింది. కొండల మీద పొద్దు వాలింది. రోడ్డు మీద దీపాలు వెలిగాయి. వాడు జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు. ఫోను మాత్రం తీయలేదు.

"ఎత్తుకున్నది," అన్నాడు.

మేం ఊరికే కూర్చున్నాం. హోటలు లోపల ఎవరో గిన్నెలు తోముతున్నారు. చాలాసేపటికి వాడి చూపుడు వేలు లేచింది.

"ఆగన్నా, ఇప్పుడొస్తది."

నేను నిజంగానే ఊపిరి బిగబట్టాను. కంకర లారీ ఒకటి గేరు మార్చుకుంటూ పోయింది. అది పోయాక గాలి చప్పుడు. వేలు అట్లాగే ఉంది.

"రాదుర. లే, బండి దొరకది," అన్నాను.

వేలు దించాడు. లేచి చొక్కా ముడతలు సర్దుకున్నాడు.

"వచ్చిందన్నా," అన్నాడు. "నీకినవడలే."

తిరుగు దారిలో, మళ్లీ ఎప్పుడన్నా వస్తుందిలే, ఇంకా వయసుంది అని నేను అన్నాను. దానికీ నాలాగే ఇల్లిడిసి బయట చేసే డ్యూటీ గదా అన్నా, వస్తది అన్నాడు.

ఆమె రాలేదు. కాలు విరిగి కొన్నాళ్లు, తల్లి పోయి కొన్నాళ్లు పాడటం మానేసిందట. ఇంతలో మా పని తగ్గింది, కంపెనీ కొందరిని పంపించేసింది. వాడూ పోయాడు. పోయేరోజు నోటుబుక్కు ఇచ్చిపోరా అని అడిగాను.

"ఇయ్య," అన్నాడు. "నీకు రాసుడొచ్చింది గద. విని రాస్కో."

ఊరికి పోయిన రెండో ఏడు పొలంలో మోటారు దగ్గర గుండె పట్టుకుని కూర్చుండిపోయాడట. నేను పోలేదు. సెలవు దొరకలేదని చెప్పాను. అడగలేదన్నది నిజం. ఆ ఊళ్లో వాడు పడుకుని ఉంటే చూడటం నావల్ల కాదు.

గోవా పెద్దాయన వెళ్లిపోయాక లెక్కలు తెలుగులోనైనా రాసిపెట్టగలనని స్టోర్ నాకు ఇచ్చారు. కార్డు మీద పని పేరు కూడా మారింది. వాడికి కావలసిన మార్పు నాకు జరిగింది. దాన్ని నేనేం చేసుకోను?

మంగలి షాపు నుంచి రూమ్‌కు వచ్చి, చెంప మీద దూదితోనే వాడి భార్యకు ఫోను చేశాను. బాగున్నవా అమ్మా, పిల్లలు బాగున్నారా అని అడగాల్సినవన్నీ అడిగాను. తర్వాత చెప్పేశాను.

"అమ్మా, ఆమె మస్కట్ వస్తున్నదంట."

ఎవరని అడగలేదు.

"నా సవతేనా?" అంది.

"ఆమెనే."

"జర ముందు రావద్దా దానికి," అంది. కోపంగా అంది. తర్వాత గొంతు తగ్గించి, "ముసల్దయ్యిందా బావా?"

"అయ్యింది. మెడ మీద గీతలొచ్చినయ్."

"పాడుతదా మరి మంచిగ?"

"ఏమో. సౌండ్ లేకుండె."

"నువ్వు పోతవా?"

"నేనెందుకు పోతనమ్మా. నాకేమైతది ఆమె?"

"నాకు సవతైతె నీకు మరదలు గాదా? దగ్గరికొచ్చిన మరదల్ని చూడనీకి పోవా బావా?"

నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు ముక్కు ఎగబీల్చుకోవడంతో ఆగింది. పోతానని చెప్పాను. మాట ఇచ్చాక వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు.

"ఆయన ఫోన్ ఇంట్లనే ఉన్నది బావా," అంది. "రోజు చార్జింగ్ పెడుతున్న. ఎందుకని పోరగాండ్లు మొత్తుకుంటరు, అయినా పెడుతున్న. నువ్వాడికి పోయినంక దానికి చెయ్. నా నంబర్‌కు గాదు, దానికి."

"చేసి ఏం మాట్లాడాలె?"

"నువ్వేం మాట్లాడకు. నీది గట్టి గొంతు. ఫోన్ ఎత్తి పట్టుకో, గంతే."

"మాట్లాడను," అన్నాను.